పిల్లాడికి మాటలు రాలేదు, మామ్మగారికి గుర్తుండట్లేదు: ముందు ఏ పరీక్ష?

రెండేళ్లు దాటినా పిల్లాడికి మాటలు రాకపోతే మన వైపు ముందు వసకొమ్ము అరగదీస్తారు. తర్వాత నాలిక కింద నరం కోయిస్తే సరిపోతుందంటారు. ఆపైన "వాళ్ల నాన్నకీ మూడేళ్లు నిండాకే వచ్చాయిగా" అని ఊరుకుంటారు. అదే ఇంట్లో మామ్మగారు అడిగిన మాటే పదిసార్లు అడుగుతుంటే "పెద్దతనం, చాదస్తం" అని సరిపెడతారు. ఈ మధ్య కొత్తగా ఇంకో అలవాటు వచ్చింది. ఫోన్‌లో దొరికిన ప్రశ్నావళి నింపేసి, వచ్చిన మార్కు చూసుకుని రాత్రంతా టెన్షన్ పడటం.

ప్రశ్నావళులు చెడ్డవేం కావు. ఒక్కోటీ ఒక్కో వయసు కోసం, ఒక్కో రకం మనుషుల కోసం తయారైంది, అంతే. అందుకే ఎంచుకునేటప్పుడు పేరు ఎంత పెద్దదో చూడకండి. జవాబు చెప్పేది ఎవరు, ఏ భాషలో, ఎంత చదువుకున్నవాళ్ల కోసం దాన్ని తయారుచేశారు అన్నవి అడగండి. ఈ మూడూ కుదరకపోతే ఎంత పేరున్న పరీక్ష అయినా తప్పు మార్కే ఇస్తుంది.

ఇంకో మాట. స్క్రీనింగ్ అంటే జల్లెడ. జల్లెడలో మిగిలినదల్లా రాయి కాదు, చేతిలోకి తీసుకుని చూడాల్సింది. జబ్బు ఉందో లేదో తేల్చేది ఆ తర్వాత నిపుణులు చేసే పూర్తి పరీక్ష.

మూడేళ్ల లోపు: అన్నిటికన్నా ముందు చెవి

వసకొమ్ము వల్ల మాటలొస్తాయనడానికి ఆధారం లేదు. పైగా చంటిపిల్లలకి అది పట్టొద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు. నాలిక కింద నరం బిగుతుగా ఉంటే పాలు తాగడం కష్టం కావచ్చు, ర, ల లాంటివి సరిగా పలక్కపోవచ్చు. మొత్తానికి మాటలే రాకపోవడానికి మాత్రం అది కారణం కాదు.

ఏడాది నిండేసరికి ఒకటో రెండో మాటలు, రెండేళ్లకి "అమ్మ పాలు", "తాత రా" అంటూ రెండు మాటలు కలపడం రావాలి. రాకపోతే మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. "పిలిస్తే చూస్తాడండీ, టీవీలో పాట వస్తే గెంతుతాడండీ" అంటారు. నిజమే కావచ్చు. తలుపు చప్పుడు, డప్పు, ట్రాక్టరు వినిపించి, స, శ లాంటి సన్నని శబ్దాలు వినిపించని పిల్లలు కూడా అచ్చం అలాగే ఉంటారు.

ఇందులో రెండు రకాలున్నాయి. ఓఏఈలో చెవిలో చిన్న గొట్టం లాంటిది పెడతారు, పిల్లాడు నిద్రపోతుంటే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఫలితం "పాస్" అనో "రిఫర్" అనో వస్తుంది. ఇది లోపలి చెవి పనిని చూస్తుంది. అక్కడి నుంచి నరం ద్వారా మెదడు దాకా శబ్దం చేరుతోందా అన్నది దీనికి అందదు. అది చూసేది బేరా. తలకి వైర్లు అంటించి చేస్తారు, పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి, టైమూ ఎక్కువ పడుతుంది. మామూలు కాన్పు, ఏ ఇబ్బందీ లేని బిడ్డ అయితే ఓఏఈతో మొదలుపెట్టడం చాలు. నెలలు నిండకుండా పుట్టినా, ఐసీయూలో ఉన్నా, పసిరికలు బాగా ఎక్కువై వైద్యం జరిగినా నేరుగా బేరా అడగండి. పుట్టినప్పుడు పాసయ్యాడని ఇప్పుడు మానేయకండి. తరచూ చెవి చీము కారే పిల్లల్లో వినికిడి తర్వాత కూడా తగ్గుతుంది.

ప్రశ్నావళుల్లో ఏది?

చెవి బాగుందని తేలాక మూడు పేర్లు వినిపిస్తాయి: ఎంచాట్, టీడీఎస్‌సీ, లెస్ట్. మూడూ ఒకే పని చెయ్యవు.

ఎంచాట్ ఆటిజం అనుమానం కోసం. 16 నుంచి 30 నెలల పిల్లలకి మాత్రమే. 20 ప్రశ్నలు, ఇంట్లోవాళ్లు అవుననో కాదనో చెప్పాలి. మీరు గదిలో ఓ మూల వస్తువుని చూపిస్తే పిల్లాడు అటు చూస్తాడా, ఉత్త కప్పుతో తాగినట్టు ఆడతాడా, ఇలా ఉంటాయి. ఎక్కువ ప్రశ్నలకి "కాదు" అన్నది అనుమానపు జవాబు. 2, 5, 12 ప్రశ్నలకి మాత్రం "అవును" అన్నదే అనుమానం. ఇది తెలియక సొంతంగా లెక్కేసుకుని భయపడేవాళ్లు ఉంటారు. అనుమానపు జవాబులు 2 లేదా అంతకన్నా తక్కువ వస్తే ప్రస్తుతానికి ఇబ్బంది లేదు. 8 లేదా ఆపైన వస్తే ఆగకుండా పూర్తి పరీక్షకి వెళ్లాలి. మధ్యలో 3 నుంచి 7 వస్తే తేడా జవాబులనే మళ్లీ వివరంగా అడిగే రెండో విడత ఉంటుంది. ఆ విడతలో చాలామంది పిల్లల మీద అనుమానం పోతుంది. ఫోన్‌లో నింపేవాళ్లు వదిలేసేది సరిగ్గా దీన్నే. నాలుగేళ్ల పిల్లాడికి ఈ ప్రశ్నావళి నింపి వచ్చిన మార్కుకి అర్థం లేదు.

టీడీఎస్‌సీ తిరువనంతపురంలోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ తయారుచేసినది. మొదటి చార్టులో రెండేళ్ల లోపు పిల్లలకి 17 అంశాలే. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాట్లాడటం అన్నీ అందులోనే. బిడ్డ వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టి, దానికి ఎడమ పక్కనున్నవి చేస్తున్నాడో లేదో చూడటమే. అంగన్‌వాడీ టీచర్ కూడా చేయగలరు. లెస్ట్ కూడా అక్కడిదే, అది భాష ఒక్కదాని కోసం. మూడేళ్ల లోపుకి ఒకటి, 3 నుంచి 6 ఏళ్లకి ఇంకొకటి.

నన్నడిగితే ఇలా చెబుతాను. పిల్లాడు కళ్లలోకి చూడకుండా, వేలు పెట్టి ఏదీ చూపించకుండా, తన లోకంలో తాను ఉంటే ఎంచాట్. చూపు, నవ్వు, ఆట అన్నీ ఉండి మాట ఒక్కటే వెనకబడితే లెస్ట్. నడక, కూర్చోవడం కూడా ఆలస్యమైతే టీడీఎస్‌సీ. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ ప్రశ్నావళి కోసమూ ఆగకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక జవాబు చెప్పేది ఎవరు? కోనసీమలో, నరసాపురం వైపు ఇది చిన్న ప్రశ్న కాదు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిలో ఉంటుంది, పిల్లాణ్ణి పెంచేది అమ్మమ్మ. ఆసుపత్రికి తీసుకొచ్చేది మేనమామ. జవాబులు చెప్పేది వీడియో కాల్‌లో తల్లి. ఆవిడ ప్రేమకి వంక పెట్టలేం గానీ, పిల్లాడు అన్నం దగ్గర ఏం చేస్తాడో, పక్కింటి పిల్లలతో ఎలా ఉంటాడో తెలిసింది అమ్మమ్మకి. కాబట్టి అమ్మమ్మ రావాలి. ఆవిడకి చదవడం రాకపోతే ప్రశ్నలు చదివి వినిపించమనండి, సిగ్గుపడాల్సింది లేదు.

డబ్బు లేకుండా ఎక్కడ? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూస్తారు. దాని బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. అనుమానం ఉన్నవాళ్లని డీఈఐసీ అనే జిల్లా స్థాయి పరీక్షా కేంద్రానికి పంపుతారు. మీ జిల్లా పిల్లల్ని ఎక్కడికి పంపుతున్నారో పీహెచ్‌సీలోనో ఏఎన్‌ఎమ్ గారినో అడగండి. మంచిదే, ఖర్చు లేదు, కాకపోతే బృందం వచ్చే రోజు కోసం నెలల తరబడి కూర్చోవద్దు. రెండేళ్ల పిల్లాడికి ఆరు నెలలంటే చాలా కాలం.

ప్రైవేటుగా వెళితే స్పీచ్ థెరపిస్టు గారిని ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఉన్నవాళ్లు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు. పరీక్ష చెయ్యకుండానే ఆరు నెలల థెరపీ ప్యాకేజీ చెప్పేచోట మాత్రం లేచి వచ్చేయండి.

బడి వయసు: చదవలేడా, ఆ భాషే రాదా?

"అన్నీ తెలుసండీ, రాయమంటే రాయడు" అన్న ఫిర్యాదుకి తొందరపడి డిస్లెక్సియా, అంటే చదవడంలో లోపం అని పేరు పెట్టేస్తున్నారు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కుదరడానికి ఏళ్లు పడుతుంది. రెండో తరగతి పిల్లాడు "క్క" దగ్గర తడబడితే అది జబ్బు కాదు. అందుకే ఎస్‌ఎల్‌డీ, అంటే నిర్దిష్ట అభ్యసన లోపం ఉందని సాధారణంగా 8 ఏళ్ల దగ్గరకి వచ్చాకే తేలుస్తారు. అంతకు ముందు అనుమానం వస్తే కళ్లు, చెవులు చూపించి, అదనంగా చదివించడం మొదలుపెట్టాలి. పేరు తర్వాత పెట్టుకోవచ్చు.

ఈ వయసులో రెండు రకాల పరీక్షలు కలగలిసిపోతుంటాయి. ఒకటి తెలివికి సంబంధించినది: బినె-కామత్, మిసిక్ లాంటివి. ఆకారాలని వాటి గుంతల్లో పెట్టించే సెగాన్ ఫారం బోర్డు కూడా ఇందులోదే, దానికి మాటలతో పని తక్కువ కాబట్టి మాట తక్కువున్న పిల్లలకి నయం. రెండోది చదవడం, రాయడం, లెక్కలకి సంబంధించినది: బెంగళూరు నిమ్హాన్స్ వారి ఎస్‌ఎల్‌డీ బ్యాటరీ అలాంటిది, 5–7 ఏళ్లకి ఒక మెట్టు, 8–12 ఏళ్లకి ఒక మెట్టు. డాలి అనే ఇంకో సాధనం మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌ది, మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌ల కోసం వచ్చింది.

ఎస్‌ఎల్‌డీ తేలాలంటే రెండూ కావాలి. తెలివి మామూలుగా ఉండి చదువు మాత్రం ఎక్కట్లేదని చూపించాలి కదా. ఐక్యూ ఒక్కటే చేసి "స్లో లెర్నర్" అని పంపేస్తే పని సగమే అయినట్టు.

అసలు చిక్కు భాషది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం, చేసే పరీక్ష ఇంగ్లిష్‌లో. పిల్లాడు పేరా చదవలేకపోయాడు. చదవడంలో లోపమా, ఇంగ్లిష్ రాకపోవడమా? ఒక్క భాషలో చేస్తే తేలదు. తెలుగులోనూ చదివించి చూడమని అడగండి. రెండు భాషల్లోనూ అక్షరాలు తారుమారవుతుంటే అనుమానం గట్టిది. తెలుగు గడగడా చదివి ఇంగ్లిష్‌లో ఆగిపోతే, బడిలో నేర్పే తీరు చూడాలి. ఇంటి ట్యూషన్ మాస్టారు కూడా రెండు పేరాలతో ఈ తేడా పట్టుకోగలరు, ఆయన్నీ అడగండి.

పెద్దవాళ్లలో మాట పోతే

నిన్నటి దాకా బాగున్న మనిషికి ఒక్కసారిగా మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా స్క్రీనింగ్ పరీక్షల మాట ఎత్తకండి. అది పక్షవాతం కావచ్చు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి, దానికి ముందు సీటీ స్కాన్ తియ్యాలి. లంక గ్రామాల వాళ్లకి, పంటు దాటి రావాల్సిన వాళ్లకి ఇందులో చాలా భాగం దారిలోనే పోతుంది. అందుకని ఆర్‌ఎంపీ గారికి చూపించి రేపు చూద్దాం అనే మాట వద్దు. 108కి ఫోన్ చేసి, సీటీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి.

మనిషి కుదుటపడ్డాక అప్పుడు భాష పరీక్షలు. ఫ్రెంచే అఫేసియా స్క్రీనింగ్ మంచం దగ్గరే కొద్ది నిమిషాల్లో అయ్యేది. వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ పెద్దది, తెలుగులోకి మార్చింది ఉంది, థెరపీ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటే: మాట దొరక్క తడుముకోవడం వేరు, మాట తెలిసి నోరు తిరగకపోవడం వేరు. మొదటిది అఫేసియా, రెండోది డిసార్త్రియా. రెండిటికీ చేసే థెరపీ వేరు. అఫేసియా ఉన్న మనిషికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) మార్కుల పరీక్ష పెడితే చాలా తక్కువ మార్కు వస్తుంది. తెలివి పోయిందని అనుకోకండి.

మామ్మగారి మతిమరుపు

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మతిమరుపు పరీక్షల్లో అందరికీ తెలిసినది ఎంఎంఎస్‌ఈ. 1975లో వచ్చింది, 30 మార్కులు, 24 కన్నా తగ్గితే అనుమానం. మోకా 2005లో వచ్చింది. అదీ 30కే, అనుమానపు గీత 26 దగ్గర, 12 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ చదువుకున్నవాళ్లకి ఒక మార్కు కలుపుతారు. తొలిదశ మతిమరుపుని పట్టుకోవడంలో మోకాయే మెరుగు. రిటైరైన హెడ్మాస్టారుకో బ్యాంకు ఉద్యోగికో ఎంఎంఎస్‌ఈలో 28 వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దు, మోకా చేయించండి.

మూడో తరగతితో బడి మానేసిన మామ్మగారికి మాత్రం రెండూ సరిపడవు. వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు, గడియారం వెయ్యమంటారు, వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటారు. పెన్సిలు పట్టని చేతికి ఆ బొమ్మే పెద్ద గండం. ఆవిడ జీవితమంతా కొబ్బరికాయల లెక్కలు నోటితోనే చూసి ఉండొచ్చు, కాగితం మీద మాత్రం మార్కు పోతుంది. 26 అనే గీత ఆవిడకి మరీ ఎత్తు. అక్షరం రానివాళ్ల కోసం మోకా బేసిక్ అని వేరే ఉంది, దాన్ని అడగండి.

ప్రశ్నలు కూడా మన ఊరికి తగ్గట్టు ఉన్నాయో లేదో చూడాలి. "ఇది ఏ జిల్లా?" అంటే అమలాపురం పెద్దాయన "తూర్పు గోదావరి" అంటాడు. 2022 ఏప్రిల్ 4 నుంచి అది కోనసీమ జిల్లా. ఏలూరులో "పశ్చిమ గోదావరి" అన్నా అంతే. డెబ్బై ఏళ్లు ఒక పేరుతో బతికినవాడికి ఆ మార్కు కొయ్యడం న్యాయమా? "ఇప్పుడు ఏ కాలం?" అంటే "దాళ్వా కోతలండి" అన్న రైతు సరిగ్గానే చెప్పినట్టు. ఇంగ్లిష్ తేదీ తెలియక తిథి చెప్పే పెద్దావిడకి కూడా మతి బాగున్నట్టే. పరీక్ష చేసేవాళ్లకి ఇవి తెలియాలి, తెలియకపోతే మీరు చెప్పాలి.

వివరంగా చూడాలంటే ఏసీఈ ఉంది, 100 మార్కులది. జ్ఞాపకం, ధ్యాస, మాటల వేగం, భాష, ఆకారాల అంచనా విడివిడిగా చూస్తుంది కాబట్టి ఎక్కడ దెబ్బతిందో తెలుస్తుంది. ఇంగ్లిష్ మూలంలో హార్ప్, అకార్డియన్, పెంగ్విన్ లాంటి బొమ్మల పేర్లు చెప్పమంటారు. ఉన్నదున్నట్టు వాడితే మనవాళ్లకి అన్యాయం. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం దీన్ని తెలుగుకి మార్చి వాడింది. వాళ్లదే 2013లో వచ్చిన ఒక పరిశోధన కూడా ఉంది: 648 మంది డిమెన్షియా రోగుల్లో రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని, అది చదువు రానివారిలో కూడా కనిపించిందని. ఐసీఎంఆర్ ఐదు భారతీయ భాషల్లో తయారుచేయించిన పరీక్షల పెట్టెలోనూ తెలుగు ఉంది. పెద్ద ఆసుపత్రికి వెళ్లినప్పుడు "తెలుగు రూపం ఉందా, ఇక్కడే నోటితో అనువదిస్తున్నారా?" అని అడగడం మీ హక్కు.

చదువుతో సంబంధం లేనివి ఇంట్లోవాళ్లని అడిగే పరీక్షలు. ఏడీ8లో ఎనిమిది ప్రశ్నలే: అడిగిందే అడుగుతున్నారా, డబ్బు వ్యవహారం తడబడుతోందా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా, ఇలాంటివి. గత కొన్నేళ్లలో మార్పు వచ్చిందా అన్నదే అడుగుతారు. రెండు లేదా ఎక్కువ వాటికి అవునంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఐక్యూకోడ్ పదేళ్ల కిందటితో పోల్చమంటుంది. ఈజీ అనేది హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో, చదువు రాని పెద్దల కోసం తయారైంది. తిన్న సంగతి మరచిపోవడం, ఊళ్లో దారి తప్పడం లాంటివి అడుగుతుంది.

మన పల్లెల్లో పెద్దవాళ్లకి ఏడీ8తోనే మొదలుపెట్టమంటాను. మినీకాగ్ మూడు నిమిషాల్లో అయిపోతుంది, మూడు మాటలు గుర్తుపెట్టుకుని గడియారం గీయాలి, 5కి 3 కన్నా తగ్గితే అనుమానం. చదువుకున్నవాళ్లకి బాగుంటుంది. గడియారం దగ్గర మళ్లీ అదే చిక్కు.

ఏడీ8కి జవాబు చెప్పాల్సింది రోజూ కలిసి ఉండేవాళ్లు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి వచ్చిన పిల్లలు "అమ్మ మారిపోయింది" అని గుర్తిస్తారు, అది విలువైన మాటే, ఎందుకంటే రోజూ చూసేవాళ్లకి మార్పు ఆనదు. వంట, మందులు, డబ్బు విషయాల్లో ఏం జరుగుతోందో మాత్రం ఇంట్లో ఉన్న కోడలికే తెలుసు. ఇద్దరూ విడివిడిగా నింపడం మేలు, పెద్దావిడ ఎదురుగా మాత్రం వద్దు.

మార్కు తగ్గగానే డిమెన్షియా అని ఖాయం చేసుకోకండి. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు, వినికిడి తగ్గడం, నిద్రమాత్రలు, ఇవన్నీ మతిమరుపులా కనిపిస్తాయి, వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. రక్తపరీక్షలు ముందు చేయించండి. రెండు మూడు రోజుల్లో మనిషి అయోమయంగా మారితే అది అసలు మతిమరుపు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దిగులు, నిద్రలేమి ఎక్కువగా ఉంటే టెలీ మానస్ నంబరు 14416కి తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దల సమస్యలకి 14567 ఉంది.

వైకల్య సర్టిఫికెట్ కోసమైతే

ఇక్కడ పైన చెప్పిన జల్లెడ ప్రశ్నావళుల మార్కులు సరిపోవు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం, మేధో వైకల్యం, ఎస్‌ఎల్‌డీ, మాట-భాష వైకల్యం ఉన్నాయి. ఎక్కువ ప్రయోజనాలకి 40 శాతం కావాలి. ఆటిజం శాతానికి ఐసా అనే 40 అంశాల స్కేలు వాడతారు, 70 కన్నా తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రం. సదరం స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకోవాలి. క్యాంపులో ఉండే కొద్ది నిమిషాల్లో పిల్లాడు మొండికేస్తే మార్కు మారిపోతుంది, కాబట్టి పాత రిపోర్టులు, బడి నోట్‌బుక్కులు, ఇంట్లో తీసిన వీడియోలు తీసుకెళ్లండి.

ఎక్కడ ఏ పరీక్ష చేయించినా మార్కు ఒక్కటే రాసిన చీటీ తీసుకుని వచ్చేయకండి. పరీక్ష పేరు, ఏ రూపం, ఏ భాషలో చేశారు, జవాబులు ఎవరు చెప్పారు, ఆ రోజు కళ్లజోడు, వినికిడి మిషను ఉన్నాయా అన్నవి కూడా రాయించుకోండి. పెద్దవాళ్లకి మళ్లీ చేయించాల్సి వస్తే కనీసం ఆరు నెలలు ఆగి, అదే పరీక్ష, అదే భాషలో, వీలైతే ఉదయం పూట చేయించండి. ఒకచోట ఎంఎంఎస్‌ఈ, ఇంకోచోట మోకా చేయించి ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే ఏమీ తెలియదు.